సీపీయూ ఖాళీగా ఉంది, ప్రోగ్రాం నెమ్మదిగా ఉంది: ఆగిన సమయాన్ని కొలవడం

లినక్స్‌లో టైమ్ కమాండ్ వెనక ప్రోగ్రాం పేరు రాసి నడిపితే చివర్లో మూడు అంకెలొస్తాయి. రియల్ 12.4 సెకన్లు, యూజర్ 0.9, సిస్ 0.2 అని వచ్చిందనుకోండి. రియల్ అంటే గడియారంలో గడిచిన సమయం. మిగతా రెండూ ప్రాసెసర్ మీద గడిపినవి: యూజర్ ప్రోగ్రాం సొంత కోడ్‌లో, సిస్ దాని తరఫున కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) లో. యూజర్, సిస్ కలిపిన ఆ 1.1 సెకన్ల మీద ప్రొఫైలర్ (సమయం ఏ కోడ్‌లో పోతోందో చూపే పరికరం) పెట్టి, కిందా మీదా పడి సగానికి తగ్గించినా మొత్తం 11.85కి దిగుతుంది, అంతే. మిగతా 11.3 సెకన్లు ఆ ప్రోగ్రాం ప్రాసెసర్ మీద లేనే లేదు. మామూలు సీపీయూ ప్రొఫైలర్ సెకనుకి 99 సార్లో మరెన్నిసార్లో లేచి, ఇప్పుడు ప్రాసెసర్ మీద ఎవరున్నారని చూసి రాసుకుంటుంది. లేనివాడి సంగతి దానికి పట్టదు. (ఈ తీసివేత ఒకే థ్రెడ్, అంటే విడిగా నడిచే ఒకే పని వరస, ఉన్న ప్రోగ్రాంకే చెల్లుతుంది. నాలుగు థ్రెడ్లు గట్టిగా నడిస్తే యూజర్ సమయం రియల్‌ని దాటిపోతుంది. అప్పుడు కూడా ఐదో థ్రెడ్ ఒకటి మొత్తం సేపూ ఆగి ఉండొచ్చు.)

పెద్ద పరికరాల జోలికి పోకముందు రెండు నిమిషాల్లో అయ్యే పని ఒకటుంది. ప్రాక్ అనే సిస్టమ్ ఫోల్డర్ కింద ఆ ప్రాసెస్ నంబరు ఫోల్డర్‌లో షెడ్‌స్టాట్ అనే ఫైల్ ఉంటుంది. అందులో మూడే అంకెలు: ప్రాసెసర్ మీద గడిపిన నానోసెకన్లు, సిద్ధంగా ఉండి కూడా ప్రాసెసర్ దొరక్క రన్ క్యూలో నిలబడ్డ నానోసెకన్లు, ఎన్నిసార్లు ప్రాసెసర్ ఎక్కిందన్న లెక్క. పది సెకన్ల తేడాతో రెండుసార్లు చదివి తీసివేయండి. మొదటిది 0.31 సెకన్లు, రెండోది 0.04 సెకన్లు పెరిగితే, మిగిలిన 9.65 సెకన్లు థ్రెడ్ దేనికోసమో నిద్రపోయినట్టు. చాలామంది జారేది ఇక్కడే: ప్రాసెస్ నంబరు కింద కనిపించే ఆ ఫైల్ మెయిన్ థ్రెడ్‌ది మాత్రమే. వర్కర్ థ్రెడ్ల లెక్క కావాలంటే లోపలున్న టాస్క్ ఫోల్డర్‌లో ఒక్కో థ్రెడ్ నంబరు కింద చూడాలి. స్టేటస్ ఫైల్‌లో ఉండే వాలంటరీ, నాన్‌వాలంటరీ స్విచ్‌ల లెక్క కూడా థ్రెడ్‌కి విడివిడిగానే ఉంటుంది. వాలంటరీ పెరుగుతుంటే థ్రెడ్ తనంతట తనే ఆగుతోంది. నాన్‌వాలంటరీ పెరుగుతుంటే షెడ్యూలర్ దాన్ని బలవంతంగా దించేస్తోంది. రెండింటికీ మందు వేరు.

ఎంత ఆగిందో తెలిసింది. ఎక్కడ ఆగిందో తెలియాలంటే స్టాక్, అంటే ఆ క్షణానికి ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ని పిలిచిందన్న వరస, కావాలి. దీనికి నేను ముందు వాడేది బీసీసీ అనే లినక్స్ కొలత పరికరాల సంచిలోని ఆఫ్‌సీపీయూటైమ్. ఉబుంటులో బీపీఎఫ్‌సీసీ టూల్స్ ప్యాకేజీ వేస్తే కమాండ్ పేరుకి బీపీఎఫ్‌సీసీ అనే తోక తగిలి వస్తుంది. రూట్‌గా నడపాలి. మైనస్ పి తర్వాత ప్రాసెస్ నంబరు. మైనస్ ఎఫ్ పెడితే ఒక్కో స్టాక్ ఒక్కో లైన్‌లో వస్తుంది. మైనస్ డి పెడితే కెర్నెల్ భాగానికీ యూజర్ భాగానికీ మధ్య ఒక గీత పడుతుంది. చివర 30 అంటే 30 సెకన్ల కొలత. పనితీరు చాలా సరళం. షెడ్యూలర్ ఒక థ్రెడ్‌ని దించినప్పుడు టైమ్ రాసుకుంటుంది, మళ్లీ ఎక్కించినప్పుడు తేడా తీసి, ఆ స్టాక్ పేరున మైక్రోసెకన్లు కలుపుతుంది. నిద్రలో ఉన్న థ్రెడ్ స్టాక్ మారదు కాబట్టి ఒక్కసారి చదివితే చాలు, శాంపిళ్లతో పనిలేదు. ఆ ఫైల్‌ని బ్రెండన్ గ్రెగ్ రాసిన ఫ్లేమ్ గ్రాఫ్ (స్టాకులని దిమ్మెలుగా, సమయాన్ని వాటి వెడల్పుగా గీసే బొమ్మ) స్క్రిప్టుకి ఇచ్చేటప్పుడు రంగు ఐఓ అని, కౌంట్ పేరు మైక్రోసెకన్లు అని చెప్పండి. నీలం రంగులో వచ్చే బొమ్మని చూడగానే ఇది సీపీయూ బొమ్మ కాదని పక్కవాళ్లకి కూడా తెలుస్తుంది.

ఆ మొదటి బొమ్మని మాత్రం నమ్మకండి. 64 వర్కర్ థ్రెడ్లున్న సర్వర్‌ని 30 సెకన్లు కొలిస్తే ఆగిన సమయం 1920 సెకన్ల దాకా పోవచ్చు. అందులో తొంభై శాతానికి పైగా పని కోసం కూర్చున్న థ్రెడ్లదే అయినా ఆశ్చర్యం లేదు. ఈపోల్ వెయిట్ (నెట్‌వర్క్‌లో ఏదైనా వచ్చేదాకా ఆగే పిలుపు) కింద, కండిషన్ వేరియబుల్ (ఇంకో థ్రెడ్ లేపేదాకా ఆగే చోటు) కింద వెడల్పాటి దిమ్మెలు కనిపిస్తాయి. అవి జబ్బు కాదు, సర్వర్‌కి పని తక్కువగా ఉందని చెప్పడమే. కాబట్టి ముందు చేయాల్సింది ఏరివేత. రిక్వెస్టుని మొదలుపెట్టి ముగించే ఫంక్షన్ పేరేమిటో తెలుసుకుని, ఆ పేరున్న లైన్లనే గ్రెప్‌తో తీసి, వాటికే బొమ్మ గీయండి. ఎవరో యూజర్ జవాబు కోసం చూస్తుండగా ఆగిన సమయం అందులోనే ఉంటుంది. నా దృష్టిలో ఈ ఒక్క వడపోత చేయని బొమ్మ మీటింగ్‌లో చూపించడానికి తప్ప దేనికీ పనికిరాదు.

వడకట్టాక ఒక రిక్వెస్టు లెక్క ఎలా తేలుతుందో ఊహించి చూద్దాం. మొత్తం 640 మిల్లీసెకన్లు. ప్రాసెసర్ మీద 18. డేటాబేస్ జవాబు కోసం సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్) మీద 480. లాక్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే పోనిచ్చే తాళం) దగ్గర 110. రన్ క్యూలో 32. ఆ 480 ఒకే ఎదురుచూపు కాదు, లూపులో ఒకదాని వెనక ఒకటి పంపిన 40 క్వెరీలు, ఒక్కోటి 12 మిల్లీసెకన్లు. డేటాబేస్ వైపు స్లో క్వెరీ లాగ్ తెరిస్తే ఒక్కటీ కనిపించదు, ఎందుకంటే అక్కడ ఏ క్వెరీ అయినా మిల్లీసెకనులోపే అయిపోతోంది.

విశాఖలో కూర్చుని కొలిచేవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఫైబర్‌లో వెలుగు మిల్లీసెకనుకి దాదాపు 200 కిలోమీటర్లు పోతుంది. విశాఖ నుంచి ముంబైకి గాల్లో గీత గీస్తే సుమారు 1100 కిలోమీటర్లు, అంటే వెళ్లి రావడానికే కనీసం 11 మిల్లీసెకన్లు. కేబుల్ తిన్నగా పోదు కాబట్టి నిజంగా ఇంకా ఎక్కువే. హైదరాబాద్ సుమారు 500 కిలోమీటర్లు, కనీసం 5 మిల్లీసెకన్లు. రుషికొండలో లాప్‌టాప్ మీద సర్వర్ నడుపుతూ ముంబైలో ఉన్న డేటాబేస్‌కి కలిపి కొలిస్తే నెట్‌వర్కే మొదటి దోషిగా తేలుతుంది. అదే సర్వర్‌ని ప్రొడక్షన్‌లో డేటాబేస్ పక్కనే పెడితే క్వెరీకి అర మిల్లీసెకను, నలభైకీ కలిపి 20. సీపీయూ ప్రొఫైల్‌లోని వాటాలు లాప్‌టాప్ నుంచి సర్వర్‌కి మారినా ఎంతో కొంత నిలుస్తాయి. ఆగిన సమయం అలా కాదు, చోటు మారితే వరస మొత్తం మారిపోతుంది. అందుకే ఈ కొలత ప్రొడక్షన్‌లోనో, అచ్చం అలాంటి చోటనో చేయాలి. లూపులోని 40 క్వెరీలని ఒకటి చేయడం ఎలాగూ మంచిదే, కానీ దానివల్ల ప్రొడక్షన్‌లో ఆదా అయ్యేది 468 మిల్లీసెకన్లు కాదని ముందే తెలిసుండాలి.

ఇక ఆ లాక్ దగ్గరి 110. ఆఫ్‌సీపీయూటైమ్ చూపించేది ఆగినవాడి స్టాక్. ఫ్యూటెక్స్ వెయిట్ (లాక్ కోసం కెర్నెల్‌లో నిద్రపోయే చోటు), పైన మ్యూటెక్స్ లాక్, దాని పైన మన ఫంక్షన్. ఆగాడని తెలుస్తుంది, ఎవరివల్ల ఆగాడో తెలియదు. దానికి ఆఫ్‌వేక్‌టైమ్ ఉంది. ఆగిన థ్రెడ్ స్టాక్‌తో పాటు దాన్ని లేపిన థ్రెడ్ స్టాక్‌ని కూడా తలకిందులుగా అతికించి చూపిస్తుంది. లాక్ విషయంలో లేపేది సాధారణంగా ఆ లాక్‌ని అప్పటిదాకా పట్టుకున్నదే. లేపిన స్టాక్‌లో కాష్ రిఫ్రెష్ ఫంక్షన్ కనిపించి, కోడ్ తెరిస్తే లాక్ చేతిలో పెట్టుకునే అది డేటాబేస్‌కి క్వెరీ పంపుతోందనుకోండి. అప్పుడు ఆ 110 కూడా వేషం మార్చుకున్న డేటాబేస్ ఎదురుచూపే. లాక్‌ని ముక్కలు చేయడం, రీడ్‌రైట్ లాక్ పెట్టడం లాంటివి అక్కర్లేదు, క్వెరీని లాక్ బయటికి తెస్తే చాలు. డిస్క్ విషయంలో మాత్రం లేపినవాడి స్టాక్‌ని పట్టించుకోకండి. డిస్క్ పని అయ్యాక వచ్చే ఇంటరప్ట్ ఆ సమయానికి ప్రాసెసర్ మీద ఎవరుంటే వాళ్ల నెత్తిన పడుతుంది. సంబంధం లేని ప్రోగ్రాం పేరో, ఖాళీ ప్రాసెసర్ పేరైన స్వాపరో కనిపిస్తుంది.

రన్ క్యూలోని 32 వేరే జాతి. ఆర్కే బీచ్ నుంచి చూస్తే దూరంగా లంగరేసి బెర్తు కోసం ఆగిన ఓడలు వేరు, బెర్తు దొరికాక సరుకు రాక ఆగినవి వేరు. ఆఫ్‌సీపీయూటైమ్ రెండింటినీ ఒకే ఖాతాలో వేస్తుంది, ఎందుకంటే నిద్ర లేచాక ప్రాసెసర్ దొరికేదాకా గడిచిన సమయం కూడా అందులోనే కలుస్తుంది. విడదీయాలంటే పెర్ఫ్ షెడ్ రికార్డ్‌తో కొద్ది సెకన్లు పట్టి, పెర్ఫ్ షెడ్ టైమ్‌హిస్ట్‌తో చూడండి. ఆగిన సమయం, లేచాక ఆలస్యం, నడిచిన సమయం వేర్వేరు నిలువు వరసల్లో వస్తాయి. బలవంతంగా దించిన థ్రెడ్ల స్టాకులు అర్థం లేని చోట్ల తెగుతాయి: కూడికలు చేస్తున్న ఫంక్షన్ ఆగినట్టు కనిపిస్తుంది. ఆఫ్‌సీపీయూటైమ్‌ని స్టేట్ 2 అని అడిగితే డిస్క్ లాంటి అంతరాయం లేని నిద్రలే వస్తాయి, స్టేట్ 0 అని అడిగితే ఇలా దించేసినవే వస్తాయి.

కంటైనర్లలో ఇది మరీ మోసం చేస్తుంది. ఒక సీపీయూ కోటా ఇచ్చిన కంటైనర్‌కి ప్రతి 100 మిల్లీసెకన్లకి 100 మిల్లీసెకన్ల ప్రాసెసర్ సమయం దక్కుతుంది. నాలుగు థ్రెడ్లు ఒకేసారి లేచి పరిగెడితే 25 మిల్లీసెకన్లలోనే అది అయిపోతుంది, మిగతా 75 అందరూ గోడ కుర్చీ వేయాల్సిందే. నిమిషం సగటులో సీపీయూ వాడకం ముప్పై శాతమే కనిపిస్తుంది, గ్రాఫ్ చూసి అంతా బాగానే ఉందనుకుంటాం. సీగ్రూప్ (కంటైనర్‌కి కోటా విధించే కెర్నెల్ ఏర్పాటు) ఫోల్డర్‌లోని సీపీయూ డాట్ స్టాట్ ఫైల్‌లో థ్రాటిల్ అయిన (కోటా అయిపోయి ఆపేసిన) సార్లు, మైక్రోసెకన్లు ఉంటాయి. ఆ అంకెలు కదులుతున్నాయేమో ముందు చూడండి. వర్చువల్ మెషీన్‌లో అయితే వీఎమ్‌స్టాట్‌లో ఎస్‌టీ అనే వరస కూడా చూడాలి. హోస్టు మన మెషీన్‌ని పక్కనపెట్టినప్పుడు లోపలి కెర్నెల్ థ్రెడ్ నడుస్తోందనే అనుకుంటుంది, ఆ ఆగడం ఏ స్టాక్‌లోనూ రాదు.

కొలతలోనే తప్పులొచ్చే చోట్లు కొన్ని. అన్నింటికన్నా ఎక్కువ విసిగించేది విరిగిన స్టాక్. ఆగే ప్రతి పిలుపూ దాదాపుగా లిబ్‌సీ (సీ భాష మూల లైబ్రరీ) గుండానే పోతుంది. ఆ లైబ్రరీ ఫ్రేమ్ పాయింటర్ (స్టాక్‌లో పిలిచిన ఫంక్షన్ దగ్గరికి దారి చూపే గుర్తు) లేకుండా కంపైల్ అయితే స్టాక్ మొదటి మెట్టులోనే తెగిపోయి అన్‌నోన్ అని మిగులుతుంది. సీపీయూ ప్రొఫైల్‌లో ఈ బాధ ఇంత ఉండదు, ఎందుకంటే అక్కడ ఎక్కువ సమయం మన సొంత కోడ్‌లోనే గడుస్తుంది. ఫెడోరా 38 నుంచి, ఉబుంటు 24.04 నుంచి ప్యాకేజీలు ఫ్రేమ్ పాయింటర్‌తోనే వస్తున్నాయి. మన కోడ్‌ని మాత్రం మనమే నో ఒమిట్ ఫ్రేమ్ పాయింటర్ ఆప్షన్‌తో కంపైల్ చేసుకోవాలి. జావాకి ప్రిజర్వ్ ఫ్రేమ్ పాయింటర్ ఆప్షన్ ఉంది, లేదా ఎసింక్ ప్రొఫైలర్‌ని వాల్ మోడ్‌లో పెడితే సరి. పైథాన్‌లో పై స్పై మామూలుగా ఖాళీగా ఉన్న థ్రెడ్లని వదిలేస్తుంది, ఐడిల్ ఆప్షన్ ఇవ్వాలి.

పాత బీసీసీని కొత్త కెర్నెల్ మీద నడిపితే ఫినిష్ టాస్క్ స్విచ్ అనే ఫంక్షన్‌కి తగిలించలేకపోయానని ఆగిపోతుంది. కంపైలర్ ఆ పేరు చివర ఐఎస్ఆర్ఏ తోక తగిలించడం దానికి కారణం. కొత్త వెర్షన్ వేస్తే పోతుంది. సిస్టమ్ కాల్స్‌ని (ప్రోగ్రాం కెర్నెల్‌కి చేసే పిలుపులని) రాసిచ్చే ఎస్‌ట్రేస్‌తో సరిపెట్టుకుందామంటే, అది ప్రతి సిస్టమ్ కాల్ దగ్గరా ప్రోగ్రాంని రెండుసార్లు ఆపుతుంది కాబట్టి కొలవాల్సిన నెమ్మదిని తనే తయారుచేస్తుంది. పైగా ఎమ్‌మ్యాప్ చేసిన (మెమరీలా చదివేలా అతికించిన) ఫైల్‌లో పేజీ లేక డిస్క్ కోసం ఆగితే అక్కడ సిస్టమ్ కాలే ఉండదు, ఎస్‌ట్రేస్‌కి ఏమీ కనపడదు.

భారం సంగతి: షెడ్యూలర్ స్విచ్‌లు సెకనుకి లక్షల్లో ఉండొచ్చు. ముందు వీఎమ్‌స్టాట్‌లో సీఎస్ (కాంటెక్స్ట్ స్విచ్‌లు) వరస చూసి, అంకె పెద్దదైతే 5 సెకన్ల కొలతతో మొదలుపెట్టండి. మైనస్ చిన్న ఎమ్ తర్వాత 1000 అని పెడితే మిల్లీసెకను కన్నా చిన్న ఆగడాలకి స్టాక్ చదవదు, భారం తగ్గుతుంది. కానీ డేటాబేస్ పక్కనే ఉన్న సర్వర్‌లో అర మిల్లీసెకను చొప్పున ఆగిన ఆ 40 క్వెరీలూ అప్పుడు జల్లెడలోంచి జారిపోతాయి.

ఎసింక్ కోడ్‌కి ఈ పద్ధతి దాదాపు పనికిరాదు. నోడ్‌లో, పైథాన్ ఎసింక్ఐఓలో ఏ రిక్వెస్టు ఆగినా థ్రెడ్ మాత్రం ఎప్పుడూ ఒకే ఈపోల్ వెయిట్‌లో కూర్చుంటుంది, రిక్వెస్టు ఆనవాలు స్టాక్‌లో ఉండదు. గో భాషలో గోరూటీన్ (దాని తేలికపాటి థ్రెడ్) ఆగితే థ్రెడ్ ఇంకో గోరూటీన్‌ని ఎత్తుకుంటుంది, అక్కడ దాని సొంత బ్లాక్ ప్రొఫైల్ వాడాలి.

ఇంకొకటి, పూర్తిగా బిగుసుకుపోయిన ప్రోగ్రాం మీద ఆఫ్‌సీపీయూటైమ్ పెడితే ఖాళీ ఫైల్ వస్తుంది. థ్రెడ్ కొలత మొదలయ్యాక దిగి, కొలత ముగిసేలోగా మళ్లీ ఎక్కితేనే లెక్కలోకి వస్తుంది. ముందే ఆగినదీ, చివరిదాకా లేవనిదీ కనపడవు. అలాంటప్పుడు టాస్క్ ఫోల్డర్‌లో ప్రతి థ్రెడ్ కింద ఉండే స్టాక్ ఫైల్‌ని రూట్‌గా చదవండి, కెర్నెల్‌లో ఎక్కడ ఆగిందో ఒక్క చూపులో తెలుస్తుంది. అది ఫ్యూటెక్స్ అయితే యూజర్ వైపు స్టాక్ కోసం జీడీబీ డీబగ్గర్ తగిలించి అన్ని థ్రెడ్ల బ్యాక్‌ట్రేస్ తీయాలి. జావా అయితే జేస్టాక్ ఒక్కటే చాలు, ఏ లాక్ ఏ థ్రెడ్ చేతిలో ఉందో కూడా అదే రాసిస్తుంది.