గోడ గడియారం కొనడానికి నెలన్నర పట్టింది

రేణిగుంట దగ్గర గాజులమండ్యంలో మాది చిన్న ప్యాకింగ్ యూనిట్. గొడవంతా మూడు నిమిషాల గురించి. గేటు దగ్గర పంచింగ్ మిషన్ 6:03 అంటుంది, లోపల ముళ్ల గడియారం సరిగ్గా ఆరు చూపిస్తుంది, ఏర్పేడు నుంచి బస్సులో వచ్చే ఆడవాళ్లు "మీరే చూడండి సార్, మేం లేటా?" అని నన్ను పట్టుకుంటారు. అడ్మిన్ పని నాది కాబట్టి తిట్లూ నాకే.

మా ఓనర్ "మంచి డిజిటల్‌ది ఒకటి చూడబ్బా" అన్నాడు. ఆ రాత్రే ఆన్‌లైన్‌లో ఫొటో బాగుందని నీలం లైటుది ఆర్డర్ పెట్టేశాను. తీరా వస్తే అంకె అంగుళం కూడా లేదు, పైగా లోపల సెల్ లేదు, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ 12:00 అని మిణుకుమంటూ కూర్చుంటుంది. వాపసు పంపేశాను.

రెండోసారి తొందరపడలేదు. 3, 8 అంకెలను రెండున్నర అంగుళాల ఎత్తులో, నాలుగు అంగుళాల ఎత్తులో ప్రింట్ తీసి గోడకు అంటించి, 90 అడుగుల దూరంలో ఉన్న చివరి టేబుల్ దగ్గర నిలబడి చూశాను. నాకు రెండు సైజులూ కనిపించాయి. కళ్లజోడు పెట్టుకునే మా మేస్త్రీ మాత్రం "చిన్నది మూడో ఎనిమిదో తెలీట్లేదు సామీ" అన్నాడు. సరే, నాలుగు అంగుళాలే. సాయంత్రం పడమటి కిటికీ ఎండ సరిగ్గా ఆ గోడకే కొడుతుందని కూడా అప్పుడే గమనించాం, అందుకే స్థలం ఉత్తరం గోడకు మార్చాం.

అసలు తలనొప్పి టైం ఎక్కడి నుంచి తీసుకోవాలన్నది. గడియారంలో సెకన్లు లెక్కపెట్టే మామూలు క్రిస్టల్‌కు 20 పీపీఎం, అంటే పది లక్షల సెకన్లకు 20 సెకన్ల తేడా ఉంటే రోజుకు 1.7 సెకన్లు, అంటే నెలకు దాదాపు 50 సెకన్లు, మళ్లీ నాలుగు నెలలకు అదే మూడు నిమిషాల గొడవ. డీఎస్3231 అనే టైం చిప్ ఉన్నది నయం, వేడిని కొలుచుకుని తనే సర్దుకుంటుంది, ఏడాదికి ఒక నిమిషం అటూ ఇటూ. తిరుపతిలో షాపతను ఉపగ్రహాల నుంచి టైం తీసుకునే జీపీఎస్‌ది పెట్టుకోమన్నాడు గానీ దానికి యాంటెన్నా ఆకాశం చూడాలి, మాదేమో రేకుల షెడ్డు, కేబుల్ పైకి లాగాలి. చివరికి ఆ చిప్, బటన్ సెల్, వైఫై మూడూ ఉన్నది తీసుకుని, మన దేశానికి టైం చూసే ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ సర్వర్‌నే దీనికీ పంచింగ్ మిషన్‌కూ పెట్టాను.

అది 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తుందట, మా రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ మాత్రమే ఆన్‌లో ఉంది, అది తెలిసేసరికి ఒక పూట పోయింది. ఆపైన టైం జోన్‌లో 5:30 బదులు 5 పెట్టాను. మర్నాడు ఆరుంబావుకు వచ్చిన కుర్రాడు 5:45 చూసి "అన్నా, ఈ గడియారం భలే ఉంది, మార్చొద్దు" అన్నాడు.

మార్చాను. పాత ముళ్ల గడియారం క్యాంటీన్‌కు పోయింది. అక్కడ అక్క దాన్ని ఐదు నిమిషాలు ముందుకు తిప్పుకుంది.