సెలవులకు ఊరెళ్లే పిల్ల, పంటి ట్రేలు

బెంగళూరులో మా అమ్మాయికి క్లియర్ అలైనర్లతో, అంటే వంకర పళ్లను సరిచేయడానికి ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ పెట్టుకునే పారదర్శక ప్లాస్టిక్ ట్రేలతో, ఏ ఇబ్బందీ లేదు. దాని ఫ్రెండ్స్‌లో క్లిప్పులో, ట్రేలో పెట్టించుకున్నవాళ్లు చాలామందే. లంచ్ బ్రేక్‌లో ట్రే తీసి డబ్బాలో పెడుతుంది, తిని, బ్రష్ చేసుకుని మళ్లీ పెట్టేసుకుంటుంది. చిక్కంతా సెలవులకు ఒంగోలు వెళ్లినప్పుడే.

ఈ ట్రేలు రోజుకు 20 నుంచి 22 గంటలు నోట్లో ఉండాలి. అంటే తిండికీ, బ్రష్‌కీ కలిపి దక్కేది రెండు గంటలు, మహా అయితే నాలుగు. అమ్మమ్మ ఇంట్లో పొద్దున ఇడ్లీ, కాసేపటికి జంతికలు, భోజనం, నిద్ర లేవగానే మామిడిపండు, సాయంత్రం పకోడీ. ప్రతిసారీ తీసేది పది నిమిషాలకే అనిపిస్తుంది. కానీ తిన్నాక కబుర్లలో పడితే ట్రే డబ్బాలోనే ఉండిపోతుంది. పంటి చుట్టూ ఎముక ఒకవైపు కరిగి, ఇంకోవైపు కొత్తగా కట్టుకుంటేనే పన్ను కదులుతుంది. ఒత్తిడి మాటిమాటికీ ఆగిపోతే పని సాగదు, తర్వాతి ట్రే సరిగ్గా కూర్చోదు. డాక్టర్ చెప్పకుండానే తర్వాతి ట్రేకి మారిపోయినా అంతే.

తీయడం ఎందుకని ట్రేతోనే కాఫీ తాగడం ఇంకా చేటు. వేడికి ప్లాస్టిక్ ఆకారం మారిపోతుంది, చక్కెర పళ్లనంటుకుని ఉండిపోతుంది. ట్రే ఉన్నప్పుడు మంచినీళ్లు తప్ప ఏదీ వద్దు. కడిగేది కూడా చన్నీళ్లతోనే. పసుపు మరక పట్టిందని వేడినీళ్లలో వేస్తే అది ఇక పనికిరాదు.

ఇవన్నీ పిల్లలకు తెలుసు. కష్టం పెద్దవాళ్లు ప్రేమగా పెట్టింది వద్దనడంలో ఉంది. ఇక్కడ ఫ్రెండ్స్‌తో "నో థాంక్స్" అంటే సరిపోతుంది. అక్కడ అదే మాటంటే మా అమ్మ మనసు కష్టపెట్టుకుంటుంది, పిల్లకేమో పొగరని పేరు. ఈ తగువు వాళ్లిద్దరికే వదిలెయ్యకూడదని నా గట్టి నమ్మకం. బయల్దేరే ముందే అమ్మకు ఫోన్‌లో అంతా వివరంగా చెప్పాను. పిల్ల కూడా తన తెలుగులోనే అడుగుతుంది: "అమ్మమ్మా, జంతికలు పక్కన పెట్టవా, అన్నంలో నంజుకుంటా." ఇప్పుడు అమ్మ మామిడి ముక్కలు కూడా భోజనంలోనే వడ్డిస్తోంది.

పెళ్లిళ్లలో మరీ జాగ్రత్త. ట్రేని టిష్యూలో చుట్టి విస్తరి పక్కన పెడితే, భోజనాలయ్యాక ఎత్తేసేవాళ్లు ఆకుతో పాటు దాన్నీ తీసుకెళ్లిపోతారు. డబ్బా జేబులోనో హ్యాండ్‌బ్యాగ్‌లోనో ఉండాల్సిందే. పాత ట్రే పారెయ్యకుండా ఊరికి వెంట తీసుకెళ్లండి. కొత్తది పోతే వెంటనే పాతది పెట్టుకుని, డాక్టర్‌కి ఫోన్ చేసి ఏం చెయ్యాలో అడగండి. ట్రీట్‌మెంట్ అయ్యాక, సరిచేసిన పళ్లను అక్కడే పట్టి ఉంచే రిటైనర్ ఇస్తారు. అది మానేస్తే పళ్లు మళ్లీ జరుగుతాయి కాబట్టి, ఊరికి సర్దే సామాన్లలో దానికీ చోటుండాలి.