అంకీసలో ఒక టన్ను పొగ

సిరొంచలో దిగేసరికి పన్నెండు దాటింది. అంకీస వెళ్లే ఎర్ర బస్సు అప్పుడే పోయింది. మళ్లీ ఎప్పుడని అడిగితే టీ కొట్టు ఆయన గడియారం వైపు కాకుండా ఆకాశం వైపు చూశాడు. ఆటోకు నాలుగు వందలన్నారు. బేరమాడి మూడు వందలకు దించానని మురిసిపోయేలోపే దారిలో ఇంకో ఏడుగురు ఎక్కారు. ఎవరిదో కోడి నా ఒళ్లో సర్దుకుని కూర్చుంది. కాళేశ్వరం దగ్గర వంతెన పడకముందు గోదావరిని పడవలో దాటేవాళ్లం. అప్పుడూ ఇలాగే మేకలు, సైకిళ్లు, మనుషులు కలగలిసి ఉండేవి, కానీ అంత డబ్బు అడిగేవాళ్లు కాదు. సిరొంచ మాత్రం మారలేదు. బోర్డులు మరాఠీలో, తిట్లు తెలుగులో.

మామ ఇంట్లో రెండు రోజుల పెళ్లి. దాని గురించి చెప్పడానికేమీ లేదు, మటన్‌లో కారం తప్ప. ఆ మిరప ఎక్కడ పండిందో చూపిస్తానని మూడో రోజు పొద్దున్నే మామ చేనుకు తీసుకెళ్లాడు.

చేను గట్టున నల్లటి సోలార్ పలకలు, వాగులో పంపు. చప్పుడే లేదు. మా నాన్న డీజిల్ ఇంజన్ హ్యాండిల్ తిప్పీ తిప్పీ చేతులు బొబ్బలెక్కించుకోవడం, ఆయన తువ్వాలుకు ఎన్ని ఉతుకులకూ పోని డీజిల్ వాసన గుర్తొచ్చాయి. ఇక్కడ మీట నొక్కితే నీళ్లు.

"ఖర్చెంతయింది మామా?"

"కొంత మేం వేసుకున్నాం, కొంత ఒక సంస్థ పెట్టింది. మిగతాది పొగ అమ్మి రాబడతారట."

"ఏ పొగ?"

"మా ఇంజన్ వదలని పొగ, అల్లుడూ. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. కానీ దానికీ కొనేవాళ్లున్నారు."

ఒక కాగితం చూపించాడు. ఈ పంపు వల్ల తగ్గే కార్బన్ మీద హక్కు సంస్థకు రాసిచ్చినట్టు మామ సంతకం. ఒక్క పంపు ఏ మూలకూ రాదు. అందుకని ఊళ్లకు ఊళ్ల పంపులను ఒకే పద్దు కింద చేరుస్తారు. ఈ డబ్బు రాకపోతే పలకలు వచ్చేవే కావని రుజువు చూపాలి. బయటి తనిఖీదారు ఒప్పుకుంటేనే కార్బన్ క్రెడిట్లు, అంటే తగ్గిన పొగకు ఇచ్చే, అమ్ముకోదగ్గ పత్రాలు.

నాకు లెక్కల పిచ్చి. అక్కడే ఫోను తీశాను. లీటరు డీజిల్ మండితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఒక క్రెడిట్ అంటే ఆ వాయువు ఒక టన్ను తగ్గినట్టు. అంటే 370 లీటర్లు కాల్చకుండా ఉంటే ఒక్క క్రెడిట్. లీటరు 90 రూపాయలనుకున్నా మామకు మిగిలేది 33 వేలు. ఇక క్రెడిట్ సంగతా? ఇలాంటి పొగ తగ్గించడానికి దేశాలు చేసుకున్న క్యోటో ఒప్పందం కింద ఇచ్చినవైతే 2012 చివరికి ఒక యూరో కూడా పలకలేదు. ధర అలా పడిపోతే పలకల బాకీ ఎవరు తీరుస్తారని అడిగాను. "అది వాళ్ల తలనొప్పి. నీళ్లు నావి, పొగ వాళ్లది," అని మామ మిరప మొక్కల వైపు నడిచాడు.

పాక పక్కన ఇంజన్ దిమ్మ కనిపించింది. నూనె మరకలు, నాలుగు బోల్టులు. పైన ఏమీ లేదు.

"ఇంజన్ ఏది మామా? అమ్మేశావా?"

ఆయన చుట్టూ చూశాడు. వినేవాళ్లెవరూ లేకపోయినా గొంతు తగ్గించాడు. తనిఖీకి వచ్చినాయన కూడా అదే అడిగాడట. ఆ రోజు ఇంజన్ ఇక్కడే ఉంది, గోనెసంచి కప్పుకుని, బుద్ధిగా.

"మరి ఇప్పుడు?"

"మీ అత్త తమ్ముడికి బోరు ఎండిపోయింది పాపం." అంతే. ఆ తరువాత మిరప తెగులు గురించి చాలాసేపు చెప్పాడు. నేనూ చాలాసేపు విన్నాను.

సాయంత్రం తిరుగు ఆటోలో ఈసారి కోడి లేదు, ఛార్జీ మాత్రం అంతే. ఊరు దాటుతుండగా మేడిగడ్డ పిల్లర్ల గురించి పెద్ద వాదన సాగుతోంది. అంతలో పత్తి చేల అవతల నుంచి డబ్ డబ్ మని మోత. నల్లటి పొగ సన్నగా లేస్తోంది.

"ఎవరిదా ఇంజన్?" అన్నాను, తెలియనట్టు.

ఆటో అబ్బాయి వెనక్కి తిరగకుండానే చెప్పాడు. "మీ మామదే. గంటకు వంద తీసుకుంటాడు."