గేర్ ఆయిల్ మజ్జిగ అయిపోయింది: పాత 15 హెచ్‌పీ పడవ మోటర్ లోయర్ యూనిట్ పని, ఇప్పటిదాకా

యానాం దగ్గర గౌతమిలో పండుగప్ప వేటకని రెండేళ్ళ క్రితం సెకండ్ హ్యాండ్‌లో కొన్న 15 హెచ్‌పీ టూ స్ట్రోక్ పడవ మోటర్ ఇది. పైన ఇంజను బంగారం, గొడవంతా కింద, నీళ్ళలో మునిగుండే గేర్ల పెట్టెలోనే, అదే లోయర్ యూనిట్. సంక్రాంతి ముందు గేర్ ఆయిల్ మారుద్దామని కింది స్క్రూ విప్పితే ముందు రెండు చెంచాల నీళ్ళు కారాయి, తర్వాత మజ్జిగలా తెల్లటి ఆయిల్. మోటర్ రాత్రంతా నిలబెట్టి ఉంది కదా, నీళ్ళు బరువు కాబట్టి అడుక్కి దిగిపోయాయి. గాలి బుడగలున్నా ఆయిల్ తెల్లగానే కనిపిస్తుందని కొంచెం గాజు గ్లాసులో పోసి మర్నాటి దాకా ఉంచా, గాలైతే పైకి పోయి తేటపడేది, ఇది అలాగే ఉంది. స్క్రూ చివర అయస్కాంతానికి సన్న నుసి తప్ప ముక్కలేం లేవు, గేర్లు బతికే ఉన్నాయన్నమాట.

ఇక్కడ బద్ధకించా. రెండు స్క్రూల వాషర్లు కొత్తవి వేసి కొత్త ఆయిల్ పోసి, ఇదే అయ్యుంటుందిలే అని ఒక ఆదివారం నదిలోకి వెళ్ళొచ్చా. మళ్ళీ మజ్జిగే. పావు లీటరు ఆయిల్ దండగ.

కాకినాడలో తెలిసిన మేస్త్రీని అడిగితే "బాబూ, ముందు ఏదీ విప్పకండి, గాలి పట్టి చూడండి" అన్నాడు. పాత వెంట్ స్క్రూకి (గాలి పోయే పై స్క్రూ) నిలువునా బెజ్జం పెట్టించి సైకిల్ ట్యూబు వాల్వ్ బ్రేజింగ్ చేయించా, ఆయిల్ మొత్తం దింపేసి కింది స్క్రూ బిగించి, మీటరున్న పంపుతో మెల్లగా 10 పీఎస్‌ఐ దాకా కొట్టా. అంతకన్నా ఎక్కించాలంటే భయమేసింది, షాఫ్ట్ చుట్టూ నీళ్ళు రాకుండా ఆపే రబ్బరు సీలు, మంచిది కూడా ఎగిరిపోతే? ముల్లు కదల్లేదు. అరగంటైనా కదల్లేదు. లీకే లేదని సంబరపడుతుంటే మా బావ వచ్చి "మీటరు పంపు వైపుంది, మధ్యలో వాల్వ్ మూసుకునుంది, నువ్వు చూస్తోంది గొట్టంలో గాలిరా" అన్నాడు. సిగ్గేసింది. టీ పెట్టి మీటరు యూనిట్ వైపుకి మార్చా.

ఈసారి ముల్లు దిగుతోంది గానీ చాలా మెల్లగా. సబ్బు నీళ్ళు అన్ని చోట్లా రాశా, వాటర్ పంపు కింద డ్రైవ్ షాఫ్ట్ దగ్గర, గేరు కడ్డీ దగ్గర, స్క్రూల చుట్టూ, ఎక్కడా బుడగ లేదు. ప్రొపెల్లర్ ముందే తీసేశా కాబట్టి షాఫ్ట్‌ని చేత్తో తిప్పుతుంటే, సరిగ్గా ఒక్క చోటికి వచ్చినప్పుడు సీలు అంచున చీమ తలకాయంత బుడగలు వరసగా. ఇంకొంచెం తిప్పితే ఆగిపోతాయి. అందుకే ఊరికే పెట్టి చూస్తే దొరకడం కష్టం, గాలి పట్టినప్పుడు షాఫ్టులు తిప్పండి, గేరు కూడా ముందుకీ వెనక్కీ వేసి చూడండి.

విప్పడానికి మాత్రం రెండు సాయంత్రాలు పట్టింది. ఉప్పుకి అల్యూమినియం తెల్ల పొడి పట్టి, ప్రొపెల్లర్ షాఫ్ట్ సీళ్ళుండే క్యాప్ బిగుసుకుపోయింది, వేడి చేసి చెక్క సుత్తితో తడితే గానీ రాలేదు. లోపల చూస్తే తంగూసు దారం మూరెడు, వేడికి కరిగి ఉంగరంలా గట్టిపడి బయటి సీలు పెదవిలోకి దూరిపోయి ఉంది. సీలు స్ప్రింగ్ తుప్పు. షాఫ్ట్ మీద సీలు ఆడే చోట గోరు తగిలేంత గాడి కూడా పడింది.

సీళ్ళు రెండూ మార్చా. ఏ మొహం ఎటుందో తీసేముందు ఫోన్లో ఫోటో తీసుకున్నా, అవి అలాగే కూర్చోపెట్టా, కాకపోతే పెదవి గాడిలో పడకుండా బయటిదాన్ని ఒక మిల్లీమీటరు లోపలికి దించా. క్యాప్ ఓ-రింగ్ కూడా కొత్తదే. మళ్ళీ 10 పీఎస్‌ఐ, పావుగంట, షాఫ్ట్ తిప్పుతూనే ఉన్నా, ముల్లు నిలబడింది.

90 గేర్ ఆయిల్ కింది బెజ్జం నుంచే ఎక్కించా, పై బెజ్జంలోంచి బుడగల్లేకుండా కారేదాకా. ముందు పై స్క్రూ, తర్వాతే కిందిది. పైనుంచి పోస్తే లోపల గాలి ఉండిపోతుంది.

మొన్న మూడు గంటలు తిప్పి, రాత్రి నిలబెట్టి, పొద్దున్న కింది స్క్రూ కాస్త వదులు చేసి చూశా. తేనె రంగులోనే ఉంది, నీటి చుక్క లేదు. ఇంకో పది గంటలు నడిచాక మళ్ళీ చూడాలి, ఆ గాడి మీద నాకింకా అనుమానమే. ఇప్పుడైతే వేట నుంచి రాగానే ప్రొపెల్లర్ వెనక దారం చుట్టుకుందేమో టార్చ్ వేసి చూస్తున్నా, నిన్న ఒకటి దొరికింది కూడా.