కాంతిని దాటే ఓడ కథలో శాస్త్రవేత్తకి ఏ పని ఇవ్వాలి?

కథల్లో ఈ శాస్త్రవేత్త రాత్రికి రాత్రి బోర్డు మీద సమీకరణం తేల్చేస్తాడు, ఆపైన ఓడ ఎగిరిపోతుంది. నమ్మబుద్ధి కాదు. ఆ సమీకరణం 1994లోనే వచ్చేసింది. ఓడ ముందున్న స్థలం కుంచించుకుని, వెనకున్నది సాగేలా ఒక బుడగని మెక్సికో భౌతిక శాస్త్రవేత్త మిగెల్ అల్కుబియెర్రే లెక్కగట్టి చూపించాడు. ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్షతకి అది విరుద్ధం కాదు. కాబట్టి మీ పాత్రకి మిగిలింది ఆ తర్వాతి చిక్కులే. వాటిలో ఒక్కటే ఇవ్వండి.

అందరూ ఋణ శక్తి, అంటే సున్నా కన్నా తక్కువ ఉండే శక్తి, మీద పడతారు. బుడగ గోడలో అది ప్రయాణ దిశ చుట్టూ ఉంగరంలా ఉండాలి. ల్యాబ్‌లో దానికి దగ్గరి చుట్టం కాసిమిర్ ప్రభావం. లెక్క ప్రకారం 10 నానోమీటర్ల ఎడంలో ఉన్న రెండు లోహపు పలకలు సుమారు ఒక వాతావరణ పీడనంతో ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఎడాన్ని ఒక మైక్రాన్‌కి (1000 నానోమీటర్లు) పెంచారా, ఆ పీడనం 10 కోట్ల రెట్లు తగ్గిపోతుంది. అలాంటి పలకలు పేర్చి ఓడ నడిపితే పాఠకుడు నవ్వుతాడు. బుడగకి ఎంత ఋణ శక్తి కావాలో 1997లో భౌతిక శాస్త్రవేత్తలు ఫెనింగ్, ఫోర్డ్ లెక్కేస్తే కనిపించే విశ్వమంతటి ద్రవ్యరాశి కూడా చాలలేదు. 1999లో వాన్ డెన్ బ్రూక్ బుడగ ఆకారం మార్చి దాన్ని కొన్ని సూర్యుల ద్రవ్యరాశి స్థాయికి దించాడు. అయినా అది పెద్దదే.

నా ఓటు మాత్రం స్టీరింగ్‌కి. బుడగ కాంతిని దాటిందంటే, లోపల్నుంచి పంపిన ఏ సంకేతమూ ముందు గోడని చేరదు. కెప్టెన్ బ్రేకు నొక్కినా ఆ సంగతి గోడకి తెలియదు. అంటే దారి పొడవునా పరికరాలు ముందే అమర్చి ఉండాలి, అదీ కాంతికన్నా నెమ్మదిగా వెళ్ళే ఓడలతో. సూర్యుడి తర్వాత మనకి అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా 4.24 కాంతి సంవత్సరాల దూరం. కాంతి వేగంలో పదో వంతుతో వెళ్తే 42 ఏళ్ళు. పని అయిందన్న కబురు రావడానికి మరో నాలుగేళ్ళ పైమాట. ముప్పయ్యో ఏట మొదలెట్టిన మనిషి ఆ కబురు వినేసరికి 76 దాటుతాయి. ఆ తర్వాత బుడగలో కాంతికి పది రెట్ల వేగంతో ఐదు నెలల ప్రయాణం, అదీ వేరెవరికో. పాత్ర పుట్టేది ఇక్కడే.

ఆగడం కూడా సులువేం కాదు. దారిలో బుడగకి చిక్కిన కణాలు ఆగగానే ముందుకి తీవ్ర వికిరణంగా వెలువడతాయని 2012లో సిడ్నీ పరిశోధకులు చూపించారు. గ్రహానికి గురిపెట్టి ఆపితే ఆ గ్రహానికే ముప్పు. పక్కకి గురిపెట్టి, మిగతా దూరం మామూలు ఇంజిన్‌తో పోనివ్వండి.

ఇక, కుర్రాళ్ళుగానే తిరిగొచ్చి ముసలైన కూతుర్ని చూసే సన్నివేశం కొట్టేయండి. బుడగ మధ్యలో గడియారం బయటి గడియారంతో సమానంగా నడుస్తుంది. దారి వేసే నెమ్మది ఓడలో కూడా 42 ఏళ్ళకి వచ్చే తేడా సుమారు రెండున్నర నెలలే.