గోడమీది సిలువ, క్లాసులో టీచరు

శిష్యుడు గురువును మించినవాడు కాడు, శిక్షణ పూర్తయ్యాక ప్రతి శిష్యుడూ తన గురువులాగే ఉంటాడని ప్రభువు చెప్పాడు (లూకా 6:40). కథోలిక బడిలో పాఠం చెప్పే ప్రతి ఒక్కరూ భయభక్తులతో చదవాల్సిన వచనమిది. ఇక్కడ పాఠం ప్రస్తావనే లేదు, ఉన్నదంతా పాఠం చెప్పే మనిషి సంగతే. దీనికి ముందు వచనంలోనే, గుడ్డివాడు గుడ్డివాడికి దారి చూపితే ఇద్దరూ గుంటలో పడతారన్న హెచ్చరిక కూడా ఉంది.

తిరుసభ, అంటే కథోలిక సంఘం, ఈ మాటను ఎంత సూటిగా తీసుకుందో చూడండి. కథోలిక పాఠశాల తన లక్ష్యాన్ని చేరడం దాదాపు పూర్తిగా టీచర్ల మీదే ఆధారపడి ఉందని, రెండవ వాటికన్ మహాసభ (ప్రపంచ కథోలిక బిషప్పుల సభ) 1965 అక్టోబరు 28న క్రైస్తవ విద్యపై వెలువరించిన ప్రకటన చెబుతుంది. బడిలో క్రైస్తవ వాతావరణం నెలకొల్పే ప్రధాన బాధ్యత టీచర్లదేనని 1988లో రోము నుంచి వచ్చిన పత్రం ఇంకా వివరంగా చెప్పింది. అది విడివిడిగా ప్రతి టీచరుదీ, కలసికట్టుగా అందరిదీ. అంటే సత్యోపదేశం (క్రైస్తవ మతబోధ) చెప్పే సిస్టరుగారితోనే పని అయిపోదు. లెక్కల సారు, పీఈటీ సారు, ఎల్‌కేజీ టీచరమ్మ అందరూ అందులో ఉన్నారు.

వరంగల్ మేత్రాసనం (ఒక బిషప్పు పరిధిలోని ప్రాంతం) 1952లో ఏర్పడింది. కాజీపేట ఫాతిమానగర్‌లో కేథడ్రల్ చుట్టూ ఉన్న బడుల నుంచి పల్లె విచారణల్లోని (ఒక్కో ఫాదరు చూసుకునే సంఘాల్లోని) చిన్న బడుల దాకా చూస్తే, పిల్లల్లో ఎక్కువమంది హిందువులు, ముస్లిములు. టీచర్లలోనూ అంతే. కాబట్టి మన బడికి కథోలిక స్వభావం ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్న ఇక్కడ చాలా గట్టిది.

ముందు ఉదయం అసెంబ్లీ. ప్రార్థనకు పది నిమిషాలు చాలు. ఒక నిమిషం మౌనం, ఆనాటి పూజలో చదివే సువిశేషం (యేసు జీవిత కథనం) నుంచి నాలుగైదు వచనాలు, వాటిమీద రెండు నిమిషాల మాట, తర్వాత విన్నపాలు, పరలోక జపం. చదివే పిల్ల ముందురోజే టీచరు దగ్గర ఒకసారి పైకి చదవాలి. లేకపోతే కఠినమైన పేర్ల దగ్గర తడబడుతుంది, వరుసల్లో నవ్వులు మొదలవుతాయి, వాక్యం అక్కడే పోతుంది. విన్నపాల్లో కనీసం ఒకటి ఆ బడికి సంబంధించినదై ఉండాలి. ఆసుపత్రిలో ఉన్న ఫలానా బాబు అమ్మగారి కోసం అన్నప్పుడు ఏ మతం పిల్లలైనా కళ్ళు మూసుకుంటారు. ప్రార్థన సాగుతుండగా టీచర్లు వెనక నిలబడి ఆలస్యంగా వచ్చినవాళ్ళను లెక్కపెట్టడం, ఫోను చూసుకోవడం మాత్రం అస్సలు కూడదు. పిల్లలు సిలువకన్నా ముందు చూసేది వాళ్ళ మొహాలే.

అసలు పరీక్ష ప్రార్థన అయిపోయిన తర్వాత వస్తుంది. 'ఆమెన్' అన్న రెండు నిమిషాలకే ఫీజు కట్టనివాళ్ళ పేర్లు మైకులో చదివితే, ఆ ఉదయం చదివిన సువిశేషాన్ని బడే కొట్టేసినట్టు. మన ప్రాంతంలో పత్తి రైతు ఇంటికి డబ్బు వచ్చేది నవంబరు దాటాకే. జూన్, జూలైల్లో విత్తనాలకు, ఎరువులకు ఉన్నదంతా అయిపోతుంది. ఈ సంగతి తెలిసిన క్లాస్‌టీచరు పిల్లను లేపి నిలబెట్టదు. తండ్రికి విడిగా కబురు పెడుతుంది, ఆఫీసులో వాయిదా అడుగుతుంది. సత్యోపదేశంలో పేదలపై ప్రేమ గురించి చెప్పే పాఠం ఆ పిల్లకు అప్పుడే అర్థమవుతుంది. ఈ కాలపు మనిషి బోధకులకన్నా సాక్షులను ఎక్కువ ఇష్టంగా వింటాడని పునీత ఆరవ పౌలు పోపుగారు 1975లో రాసింది ఇలాంటి టీచరును ఉద్దేశించే అనిపిస్తుంది.

హిందూ, ముస్లిం టీచర్ల విషయంలో తికమక అక్కర్లేదు. సిలువ గుర్తు వేసుకొమ్మని ఎవరినీ అడగకూడదు. గౌరవంగా మౌనంగా నిలబడితే చాలు. న్యాయంగా మార్కులు వేయడం, వెనకబడిన పిల్లకు ఓర్పుగా మళ్ళీ చెప్పడం, స్టాఫ్‌రూములో పిల్లల కులం ఎత్తకపోవడం అడగాలి, గట్టిగానే అడగాలి.

పిల్లల విషయంలోనూ హద్దు స్పష్టం. గుర్తింపు పొందిన బడిలో, తల్లిదండ్రుల సమ్మతి లేకుండా మైనరు పిల్లలను మతబోధకు గానీ ఆరాధనకు గానీ హాజరు కమ్మనకూడదని రాజ్యాంగం 28(3) అధికరణం చెబుతుంది. అందుకే కథోలిక పిల్లలకు సత్యోపదేశం, మిగతావాళ్ళకు నీతిబోధ ఒకే పీరియడులో పెట్టడం మంచిది. ఆ పీరియడు చివరిది కాకూడదు. చివరిదైతే పదో తరగతిలో డిసెంబరు దాటేసరికి స్పెషల్ క్లాసు దాన్ని మింగేస్తుంది. రెండోదో మూడోదో చేసి, ఇంకో సబ్జెక్టుకు ఇవ్వాలంటే హెడ్మాస్టరు సంతకం కావాలని పెడితే నిలబడుతుంది. పరీక్షలో నిర్వచనాలు అడిగితే బట్టీ పడతారు. తప్పిపోయిన కుమారుని ఉపమానాన్ని అన్న వైపునుంచి చెప్పమంటే ఆలోచిస్తారు.

భాష సంగతి చాలామంది పట్టించుకోరు. ఇంగ్లీషు మీడియం బడుల్లో జపాలన్నీ ఇంగ్లీషులోనే నడుస్తాయి. ఇంట్లో నానమ్మ జపమాలలో మరియమ్మకు చెప్పే మంగళవార్త జపం అందుకుంటే పిల్ల నోరు కదపలేదు. 1950లో టీచర్ల పాలక పునీతునిగా ప్రకటితుడైన పునీత జాన్ బాప్టిస్ట్ ది లసాల్, చదవడం లతీనుతో మొదలుపెట్టే రోజుల్లో పేద పిల్లలకు సొంత భాష ఫ్రెంచిలోనే మొదలుపెట్టాడు. మనం కనీసం వారానికి రెండు రోజులైనా జపాలు తెలుగులో చెప్పించాలి.

అక్టోబరు జపమాల మాసానికి దసరా సెలవులు అడ్డం వస్తాయి. బడి తెరిచాక రోజుకొక్క దేవరహస్యం (పది మంగళవార్తల భాగం) చొప్పున ఐదు రోజులు పెట్టుకుంటే పూర్తి జపమాల అవుతుంది. ఇష్టపడి వచ్చిన పిల్లల్లో పదిమంది తలా ఒక మంగళవార్త అందుకుంటే ఐదు నిమిషాలు పడుతుంది. క్లాస్‌టీచరు పదకొండో గొంతుగా వాళ్ళతో నిలబడాలి, పర్యవేక్షణకు పక్కన కాదు.

ఇవన్నీ కొత్త టీచర్లకు ఎవరో ఒకరు చెప్పాలి. జూన్‌లో బడి తెరిచే ముందు టైంటేబుల్, సిలబస్ మీటింగుకు రోజంతా కేటాయిస్తాం. అందులో ఒక పూట దీనికి ఇవ్వండి. లూకా 6వ అధ్యాయం చదివి, ఫీజు, శిక్ష, అసెంబ్లీ ఎలా నడపాలో అక్కడే అందరూ కూర్చుని మాట్లాడుకుని రాసిపెట్టుకోండి. ఏడాది మధ్యలో చేరిన టీచరుకు ఆ కాగితాన్ని మొదటిరోజే చేతికివ్వండి.