పాదమే చాలనుకున్నాను

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో నేను పనిచేసే పాదవైద్యుల క్లినిక్‌లో సోమవారం ఉదయం మొదటి గంటంతా రోగుల బూట్లు విప్పించడంతోనే సరిపోతుంది. మేజోడు మెల్లగా లాగి, వేళ్ల సందులు చూసి, పాదం మీద నాడి అందుతోందో లేదో తడిమి, ఆ తర్వాత స్పర్శ ఉందో లేదో తెలుసుకోవడానికి పది గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాన్ దారాన్ని అరికాలిలో ఒక్కోచోట ఆనించి, కళ్లు మూసుకుని తగిలినప్పుడల్లా చెప్పమని అడగడం మెడికల్ అసిస్టెంటుగా నా పని. ఇళ్ల పైకప్పులు వేసే ఒక మెక్సికో పెద్దాయన కిందటేడు అలా కళ్లు మూసుకుని, నేను దారం ఆనించినా ఆనించకపోయినా, ఉండుండి "సీ, సీ" (అవును, అవును) అంటూనే ఉన్నాడు. అబద్ధం చెప్పాలని కాదు, నా పనికి అడ్డు రాకూడదన్న మర్యాద అది. బొటనవేలి కింద కాయకట్టిన చర్మాన్ని డాక్టరు గారు బ్లేడుతో పొరలు పొరలుగా తీస్తే, లోపల రూపాయి బిళ్లంత పుండు బయటపడింది. అందులోకి సన్నని లోహపు పుల్లను పోనిస్తే అది నేరుగా వెళ్లి ఎముకకు తగిలి ఆగిపోయింది. తగిలిన సంగతి డాక్టరు గారి వేళ్లకు తెలిసింది కానీ ఆ కాలు గల పెద్దాయనకు తెలియలేదు.

వైద్య కళాశాలకు దరఖాస్తు చెయ్యాలా, పోడియాట్రీ, అంటే పాదవైద్యం నేర్పే కళాశాలకా అని నేను రెండేళ్లుగా తేల్చుకోలేకపోతున్న ప్రశ్న ఆ రోజు నుంచి నాకు వేరే రూపంలో కనిపించసాగింది.

నేను తిరుపతిలో ఫిజియోథెరపీ చదివి, పెళ్లయి, 2013లో మా వారి ఉద్యోగ వీసాకు అనుబంధంగా వచ్చే హెచ్-4 వీసా మీద ఇక్కడికి వచ్చాను. ఆ వీసా ఉన్నవారిలో కొందరికి పని అనుమతి 2015లో గానీ రాలేదు, నా చేతికి అది వచ్చేసరికి 2017 అయింది. మా వారితో పాటు నాకు గ్రీన్ కార్డు వచ్చింది 2022లో. ఈ తేదీలు ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కడి వైద్య కళాశాలల్లో చాలావాటికి పౌరసత్వమో గ్రీన్ కార్డో లేనివారి దరఖాస్తు చూసే ఆనవాయితీ లేదు, ప్రభుత్వ విద్యారుణమూ వారికి దొరకదు. కాబట్టి మన అమ్మాయిలు ఎంతోమందికి ఈ నిర్ణయం తెలివితేటలతో సంబంధం లేకుండా ఏళ్ల తరబడి వాయిదా పడుతుంది. భారతదేశపు డిగ్రీని నేరుగా లెక్కలోకి తీసుకోరు గనుక జీవశాస్త్రం, కర్బన రసాయనం, భౌతికశాస్త్రం ప్రయోగశాలలతో సహా మళ్లీ మొదటి నుంచి, కమ్యూనిటీ కాలేజీ సాయంత్రపు తరగతుల్లో, మా బాబు నిద్రపోయాక చదువుకుంటూ పూర్తిచేశాను.

పోడియాట్రీ అంటే మనవాళ్లలో చాలామందికి తెలియదు. మన దగ్గర పాదానికి పుండు పడితే షుగర్ డాక్టరు దగ్గరికో జనరల్ సర్జను దగ్గరికో వెళ్తాం. ఇక్కడ మాత్రం అది విడిగా ఒక వైద్యవృత్తి. నాలుగేళ్ల డీపీఎం (డాక్టర్ ఆఫ్ పోడియాట్రిక్ మెడిసిన్) చదువు, ఆ పైన ఆసుపత్రిలో మూడేళ్ల శిక్షణ అయిన రెసిడెన్సీ, అందులో శస్త్రచికిత్స శిక్షణ ప్రధానభాగం. దేశమంతటా కలిపి 11 కళాశాలలే ఉన్నాయి. పరీక్షలు వేరు, రెసిడెన్సీ ఎంపికలు వేరు. వృద్ధులకిచ్చే ప్రభుత్వ ఆరోగ్యబీమా అయిన మెడికేర్ చట్టం వీరిని వైద్యులుగానే లెక్కిస్తుంది, అయితే పాదం, చీలమండ దాటి పైకి వెళ్లే అధికారం ఎంతవరకన్నది ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకంగా ఉంటుంది. పుట్టినరోజు విందుల్లో ఈ సంగతి ఎత్తినప్పుడు, "అంత కష్టపడేదానివి ఎండీనే చెయ్యొచ్చు కదమ్మా" అని, ఇక్కడి మామూలు డాక్టరు పట్టాను ఉద్దేశించి, పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు. ఆ మాట నన్ను బాధపెట్టింది, ఎందుకంటే నాకూ లోపల అదే మాట ఉండేది.

వైద్య కళాశాలల ప్రవేశపరీక్ష ఎంక్యాట్‌లో నాకు 506 వచ్చింది. ఎండీ కళాశాలల్లో చేరేవారి సగటు 511 దాటి ఉంటుంది. నాకు వచ్చిన మార్కులతో ఆస్టియోపతిక్ వైద్యపట్టా ఇచ్చే డీఓ కళాశాలలకు ప్రయత్నించవచ్చు, పోడియాట్రీకైతే అవి నిశ్చింతగా సరిపోతాయి. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. సులువుగా తలుపు తెరుచుకుంటోంది కదా అని ఒక వృత్తిలోకి అడుగుపెడితే, కాలిగోళ్లు, కాయలు, చీముపట్టిన పుళ్ల మధ్య గడిచే ముప్పై ఏళ్లలో ప్రతి రోజూ ఆ రాజీ గుర్తుకువస్తుంది. 506కు బదులు 516 వచ్చి ఉంటే అప్పుడు కూడా పాదాన్నే ఎంచుకునేదానినా అని నన్ను నేను అడిగి, కొన్ని వారాల పాటు నిజాయితీగా జవాబు చెప్పుకోలేకపోయాను.

జవాబు నాకు ఆసుపత్రిలో దొరికింది. దరఖాస్తు కోసం ఒక జనరల్ మెడిసిన్ వైద్యురాలి వెంట కొన్ని రోజులు వార్డుల్లో తిరిగాను. ఆమె గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు అన్నింటినీ ఒకే మనిషిలో కలిపి చూసే తీరు నాకు ఎంతో గొప్పగా అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. మూడో రోజు ఆమె, "నువ్వు ఏ గదిలోకి వచ్చినా ముందు మంచం చివరకు వెళ్లి దుప్పటి తొలగిస్తున్నావు, గమనించావా?" అని అడిగారు. నేను గమనించలేదు. న్యుమోనియాతో చేరిన ఒక ముసలామె మడమ కింద అప్పుడే ఎర్రబడుతున్న ఒరిపిడి గుర్తును అంతకుముందు రోజు చూపించింది నేనేనని కూడా ఆమే గుర్తుచేశారు.

ఈ అలవాటు క్లినిక్‌లో మొదలైంది కాదు. మా నాయన 2019లో మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి నుంచి చెప్పుల్లేకుండా 3,550 మెట్లూ ఎక్కి, అరికాలు బొబ్బలెక్కిన సంగతి తెలియకుండానే చిత్తూరుకు తిరిగి వచ్చారు. దుప్పటి మీద రక్తం మరక చూసి అమ్మ అడిగేదాకా ఆయనకు నొప్పి లేదు. రెండు నెలలకు కాలి చిటికెన వేలు తీసెయ్యాల్సి వచ్చింది. తర్వాత వెల్లూరు వెళ్లి ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు చేయించుకున్నారు. ఆ మెత్తని రబ్బరు చెప్పుల చరిత్ర వెతుక్కుంటూ వెళితే, 1946లో వెల్లూరు వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ దగ్గర తేలాను. కుష్ఠురోగుల పాదాలు కుళ్లేది మాంసం దానంతటది పాడవడం వల్ల కాదని, స్పర్శ పోయిన కాలు ఒకేచోట పడే ఒత్తిడిని గుర్తించలేకపోవడం వల్లనని ఆయన అక్కడివారి పాదాలు చూసే తెలుసుకున్నారు. 1966లో ఆయన లూసియానాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లాక ఆ ఎరుక షుగర్ రోగుల పాదాల వైద్యానికి ఆధారమైంది. మా ఊరికి పక్కనే పుట్టిన జ్ఞానాన్ని నేను టెక్సాస్‌లో నేర్చుకుంటున్నానన్నమాట.

ఇక లెక్కల సంగతి. నాకిప్పుడు 34 ఏళ్లు. వైద్య కళాశాల గుండా వెళ్లి ఎముకల వైద్యంలో పాదాల నిపుణురాలిని కావాలంటే నాలుగు, అయిదు, ఒకటి కలిపి పదేళ్లు, అదీ ఆ రెసిడెన్సీ దొరికితేనే. పోడియాట్రీ అయితే ఏడు. 2026 జూలై నుంచి కొత్తగా చేరేవారికి ప్రభుత్వ విద్యారుణం ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం రెండు లక్షల డాలర్లు మించదన్న పరిమితి రెండు చదువులకూ ఒక్కటే. పోడియాట్రీలో పోగొట్టుకునేదీ చిన్నది కాదు. మనసు మారితే మరో విభాగానికి వెళ్లే దారి ఉండదు. ఎప్పటికైనా చిత్తూరు వెళ్లి ప్రాక్టీసు పెట్టాలన్న కోరిక ఉంటే, ఈ పట్టా అక్కడ ఎంబీబీఎస్‌కు సమానం కాదు. ఆ కోరికను వదులుకోవడానికే నాకు అన్నింటికంటే ఎక్కువ కాలం పట్టింది, అది పూర్తిగా పోయిందని ఇప్పటికీ చెప్పలేను.

వైద్య కళాశాలల దరఖాస్తును పంపకుండా ఆపేశాను. హార్లింజెన్‌లో యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ రియో గ్రాండే వ్యాలీ వారి పోడియాట్రీ కళాశాల 2022లో మొదలైంది, రాష్ట్రంలో ఉన్నది అదొక్కటే. షుగర్ వ్యాధి తీవ్రంగా ఉన్న సరిహద్దు ప్రాంతం అది. ఇర్వింగ్ నుంచి కారులో ఎనిమిది గంటల పైమాటే. మా వారూ బాబూ ఇక్కడ, నేను అక్కడ ఎలా సర్దుకోవాలన్నది ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాం.

నిన్న నాయనకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పి, కాలు ఎలా ఉందని అడిగాను. "బాగానే ఉండాది లేమ్మా" అన్నారు, కిందికి చూడకుండానే. ఫోను అమ్మకు ఇమ్మని, లైటు వేయించి, కుర్చీ మీద కాలు పెట్టించి, ఒక్కో వేలూ విడదీసి చూపించమన్నాను. మూడో సందులో చర్మం తెల్లగా నాని ఉంది. స్నానం అయ్యాక పొడిబట్టతో ఆ సందు తుడుస్తూ, రెండు రోజులకొకసారి నాకు ఫొటో పంపమని అమ్మకు చెప్పాను.